షాంపేను సీమలో ఒక వితంతువు

పారిసు నగరమునుండి తూర్పుగా పోవు వేగపు రైలులో ముప్పావు గంట కూర్చున్నచో రీమ్సు పట్టణము చేరుదుము. ఆ దేశస్థులు దానిని ‘రాన్సు’ అని పలుకుదురు. ఫ్రాన్సు రాజులలో పెక్కండ్రకు పట్టాభిషేకము జరిగిన గొప్ప దేవాలయ మిచ్చటనే యున్నది. యాత్రికులు మొదట దానినే చూతురు. నేను మాత్రము నేలక్రింది వింతను గూర్చి వ్రాయదలచితిని.

ఈ పట్టణము సుద్దనేలపై నిలిచినది. పూర్వులు రాతికొఱకు త్రవ్విన గనులే నేడు ద్రాక్షాసవమును దాచు నేలమాళిగలైనవి. పొమ్మెరీ వారి మాళిగలోనికి దిగుటకు 116 మెట్లు గలవు. పైన వేసవి మండుచున్నను లోపల పుష్యమాసపు తెల్లవాఱుజామువలె చల్లగా నుండును. ఆ చీకటిలో లక్షలకొలది సీసాలు ఏండ్ల తరబడి కదలక పడియుండును.

సోదరీమణులారా, మద్యముతో మనకేమి పని యందురేమో! పని మద్యముతో గాదు, ఒక స్త్రీతో.

బార్బ్ నికోల్ పోన్సార్దాన్ 1777లో ఈ పట్టణముననే జన్మించెను. 1805లో భర్తయగు ఫ్రాన్స్వా క్లీకో మరణించునప్పటికి ఆమెకు 27 ఏండ్లు, ఒడిలో ఆఱేండ్ల కూతురు. మామగారు వ్యాపారము మూసివేయ నెంచెను. ఆమె తన వారసత్వపు సొమ్మును పణముగా నొడ్డి ఆయనను ఒప్పించెను. 1810లో సంస్థకు తన పేరే పెట్టెను: ‘వవ్ క్లీకో’. ‘వవ్’ అనగా విధవ. మన భాషలో ఆ పదమే ‘వెధవ’యై తిట్టుగా మాఱినది, ఆమె దానిని తన పేరునకు ముందు నిలిపెను. నేటికిని సీసాలపై నది యట్లే యున్నది.

దీనికి వెనుక నొక చట్టము గలదు. 1804 నాటి నెపోలియను శాసనము ప్రకారము భార్య భర్త యనుమతి లేక ఆస్తి కొనరాదు, అమ్మరాదు, న్యాయస్థానమున కెక్కరాదు. విధవకు మాత్ర మా కట్టు లేదు. ఆమె మరల వివాహమాడకుండుట కిదియే కారణమేమో యని నాకు తోచును. వివాహిత భర్త నడుగక ఉద్యోగము చేయుటకును, బ్యాంకిలో స్వంత ఖాతా తెఱచుటకును ఆ దేశపు చట్టము 1965లో గాని యొప్పుకొనలేదు!

నెపోలియను యుద్ధములలో సముద్రవర్తకము స్తంభించి, సీసాలు మాళిగలోనే మిగిలిపోయినవి. 1814లో యుద్ధము చల్లాఱుచుండగా, తక్కిన వర్తకులు మేలుకొనకమునుపే, ఆమె రహస్యముగా ఓడనెక్కించి 10,550 సీసాలను రష్యావైపు పంపెను. తోకచుక్క కనబడిన 1811వ యేటి పంట యది. ఓడ చిక్కినచో ఇల్లు మునిగెడిది. చిక్కలేదు, సరకంతయు మంచి ధరకు పోయినది.

అంతకన్న గొప్పది ఆమె మడ్డి తీయు ఉపాయము. షాంపేను సీసాలోనే రెండవమాఱు పులియును. నురుగు అందువలననే పుట్టును. కాని పులిసిన పిమ్మట మడ్డి మిగిలి రసము మసకబాఱును. వేఱు సీసాలోనికి వంచినచో నురుగు పోవును. ఆమె బల్లకు రంధ్రములు చేయించి, సీసాలను తలక్రిందుగా గ్రుచ్చి, ప్రతిదినమును కొంచెము కొంచెముగా త్రిప్పించెను. మడ్డి యంతయు మూతికడకు దిగును. బిరడా తీసినంతనే చివ్వున చిమ్ముకొనిపోవును. వెలితిని నింపి మరల బిగింతురు. ఆ బల్ల ఆమె వంటయింటిదే యని యచ్చట చెప్పుకొందురు. వంటయిల్లెఱిగిన వారికి గాక మఱెవరికి తోచును?

పట్టణము వెలుపలి కొండవాలులలో ద్రాక్షతోటలు వరుసలు తీఱియున్నవి. చలిసీమ గావున పండ్లలో పులుపు మెండు. ఆ పులుపే యీ రసమునకు ప్రాణము. నేటికిని పండ్లను చేతితోనే కోయవలెనని నియమము. 1914లో మగవారు యుద్ధమునకు పోగా, ఫిరంగులు మ్రోగుచుండగనే స్త్రీలును వృద్ధులును పిల్లలును ఆ యేటి కోత ముగించిరి. ఊరు కూలుచుండ వేలకొలది జనులు మాళిగలలోనే కాపురముండిరి. బడులు సైతము ఆ నేలక్రిందనే నడచినవి.

క్లీకో విధవ 1866లో, 88వ యేట, బూర్సో గ్రామమందలి తన భవనమున మరణించెను. సీసాలను త్రిప్పు పని నేడు చాలవఱకు యంత్రములదే. కొన్ని మాళిగలలో మాత్రము పనివాడు రెండు చేతులతో రెండేసి సీసాలను పట్టి, గలగల మనిపించుచు, వరుస వెంబడి నడచిపోవుచుండును.