గీతలు ఆయనవి, చెవులు నావి
మా బాబాయి ముప్పై ఏళ్లుగా హామ్ రేడియో ఆపరేటర్. నాబ్ తిప్పుతూ హోరులోంచి గొంతులు ఏరుకునేవాడు. చెవులు మందగించాక సెట్ మీద గుడ్డ కప్పేశాడు. అది చూడలేక నా బోనస్‌తో ఐకామ్ ఐసీ-7300 కొన్నా. 2016లో వచ్చిన మోడల్. యాంటెన్నా పట్టిన సిగ్నల్ నేరుగా అంకెలవుతుంది, వడపోత చాలావరకు సాఫ్ట్‌వేర్‌దే. (మనవాళ్ల పనే!) 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మొత్తం తెర మీద వాటర్‌ఫాల్‌లా జారుతుంది. ఎవరు మాట్లాడినా అక్కడో గీత.

"ఇది రేడియోనా, టీవీనా రా?" అని సణిగాడు. కాసేపాగి సన్నటి గీతొకటి వేలితో చూపించి, "వీడెవడో విను, సిగ్నల్ వీక్‌గా ఉంది" అన్నాడు. హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకున్నా.

ఇప్పుడు గీతలు ఆయన పట్టుకుంటాడు, మాటలు నేను విని కాగితం మీద రాసిస్తా. జవాబు మాత్రం ఆయనే చెప్పాలి. నాకింకా లైసెన్స్ రాలేదు.