కెరటాల్ని లెక్కపెట్టి వెళ్ళాలి!

సినిమాల్లో సముద్రం ఎంత మంచిదో మీరు గమనించారా? హీరో హీరోయిన్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తితే పాదాల దాకా వచ్చి బుద్ధిగా ఆగిపోతుంది. విరహగీతం పాడుతుంటే వెనకనుంచి హోరు పెట్టి సంగీత దర్శకుడికి సాయం చేస్తుంది. పల్లవికీ చరణానికీ మధ్య ఓ పెద్ద కెరటం రాతికి కొట్టుకుని పైకి లేస్తుంది. అంతే, సీను మారిపోతుంది!

అసలు సముద్రానికి "కట్" అంటే వినపడదు. ఆ సంగతి హాలీవుడ్ నటుడు జెరార్డ్ బట్లర్ కి స్వయంగా తెలుసు. "చేజింగ్ మేవరిక్స్" (2012) చిత్రం కోసం 2011 డిసెంబరులో కాలిఫోర్నియా తీరాన షూటింగ్ జరుగుతుండగా, ఒక కెరటాల వరస ఆయన్ని నీళ్ళలోకి తొక్కేసింది. బయటికి లాగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాల్సి వచ్చింది. బతికి బయటపడ్డాడు. అందరికీ ఆ అదృష్టం వుండదు. అదే మేవరిక్స్ దగ్గర 1994 డిసెంబరు 23న మార్క్ ఫూ అనే పేరుమోసిన సర్ఫర్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వచ్చే మే నెలలో నేనూ ఆ తీరానికే బయల్దేరుతున్నాను. కంగారుపడకండి, మేవరిక్స్ కి కాదు. యాభైమూడేళ్ళ వయసులో అంత సాహసం చేసే శక్తీ లేదు, మా ఆవిడ చెయ్యనివ్వదు కూడా! దానికి దక్షిణంగా, శాంతాక్రూజ్ ఊరికి ఎగువన, వాడెల్ క్రీక్ అనే చోటు వుంది. అక్కడికి. నా ఆట విండ్ సర్ఫింగ్.

ఆ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఒక పలక, దానిమీద ఎటు కావాలంటే అటు వాలే స్తంభం, దానికో తెరచాప. పలకమీద నిలబడి చాపని చేతుల్తో పట్టుకుని గాలితో పరుగెత్తడమే. 1960లలో అమెరికాలో పుట్టింది. 1976లో రాబీ నైష్ అనే పదమూడేళ్ళ కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ లోనూ చేరింది. మా అమ్మ మాత్రం దీన్ని "గాలిపటం పడవ" అంటుంది. అంతకన్నా మంచి పేరు నాకింతవరకూ దొరకలేదు.

పదకొండేళ్ళుగా శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఆడుతున్నాను. వేసవిలో లోపలి లోయ వేడెక్కుతుంది. చల్లటి సముద్రపు గాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. గాలికి కొదవ లేదు. కానీ అఖాతం ఎంత ఎగిరినా పెరట్లో కుక్కలాంటిది. అరుస్తుంది, కరవదు. బయటి తీరం సంగతి వేరు. అక్కడ ఒడ్డుకీ మనకీ మధ్య కెరటాలు విరుగుతాయి. వెళ్ళాలన్నా వాటిని దాటాలి, రావాలన్నా దాటాలి. ఒక్క ఘనపు మీటరు సముద్రపు నీరు టన్నుకు పైగా తూగుతుంది. అలాంటివి ఎన్నో ఒక్కసారి నెత్తిన పడితే తెరచాప ఏమిటి, స్తంభమే పుల్లలా విరుగుతుంది.

మరి ఎందుకీ వయసులో ఈ యావ అంటారా? మాది విశాఖపట్నం. "మరో చరిత్ర" (1978) వంటి చిత్రాల్లో మీరు చూసిన విశాఖ, భీమిలి తీరమే మాది. సముద్రం పక్కన పుట్టాను గానీ, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మోకాలి లోతు దాటి ఎరగను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వీధి కుర్రాణ్ణి ఒకణ్ణి కెరటం లాక్కుపోయింది. ఆ రోజునుంచీ మా అమ్మ ఒకే మాట: "మోకాలు తడిస్తే ఇంటికి రాకు!" వాడి చెప్పులు ఇసకలో వుండిపోయాయి. వాటిని ఎవరూ తియ్యలేదు, తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇన్నేళ్ళయినా కెరటం విరిగే చప్పుడు వింటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ చెప్పులే.

ఆ భయాన్ని జయిద్దామని కాదండీ బయల్దేరేది. సినిమాలో అయితే హీరో ఒక పాటలో భయాన్ని జయించేస్తాడు. నాకు కావలసింది దానితో కాస్త పరిచయం, అంతే. ఎంతవరకూ దాని మాట వినాలో తెలుసుకోవాలి.

ఈ విషయంలో "చేజింగ్ మేవరిక్స్" నాకు నచ్చింది. జే మోరియారిటీ అనే నిజమైన కుర్రాడి కథ అది. అందులో గురువు శిష్యుణ్ణి పెద్ద కెరటం దగ్గరికి ఒక పట్టాన వెళ్ళనివ్వడు. ఊపిరి బిగబట్టమంటాడు, పలకమీద పడుకుని చేతుల్తో మైళ్ళకొద్దీ ఈదమంటాడు. పైగా వ్యాసాలు రాయమంటాడు! సర్ఫింగ్ కి వ్యాసమేమిటని మొదట నవ్వుకున్నాను. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. కాగితంమీద పెడితే గాని మన భయంలో ఎంత నిజమో, ఎంత ఊహో తేలదు.

ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి వుంది. చదువుతాను వినండి.

ఒకటి: చలికాలంలో వెళ్ళకూడదు. పెద్ద కెరటాలు అప్పుడే వస్తాయి. వసంతం చివర వాయవ్యపు గాలి బాగుంటుంది, కెరటాలు కాస్త తగ్గుతాయి.

రెండు: ఎత్తు ఒక్కటే చూడకూడదు, వ్యవధి చూడాలి. సముద్రంలో తేలే ప్రభుత్వ యంత్రాలు కెరటం ఎత్తూ, రెండు కెరటాల మధ్య వ్యవధీ రెండూ చెబుతాయి. ఎనిమిది సెకండ్లకొకటి వస్తే దగ్గరి గాలి పుట్టించినవి. పదహారు సెకండ్లకొకటి వస్తే ఎక్కడో దూరాన తుఫాను పంపినవి. నడిసముద్రంలో రెండూ ఒకే ఎత్తున్నా, ఒడ్డు చేరేసరికి రెండో రకం ఎక్కువగా లేచి విరుగుతుంది. పది సెకండ్లు దాటితే ఆ రోజుకి టిఫిను తిని వెనక్కి రావడమే!

మూడు: చలి. వాయవ్యపు గాలి పైనీటిని పక్కకి తోసేస్తే అడుగునుంచి చన్నీరు పైకొస్తుంది. మే నెలలోనూ పదకొండు, పన్నెండు డిగ్రీలే. రబ్బరు సూటు మందంగా వుండాలి. ఒంటరిగా దిగకూడదు.

నాలుగు: ఒడ్డున అరగంట కూర్చుని కెరటాల్ని లెక్కపెట్టాలి. అవి గుంపులు గుంపులుగా వస్తాయి. పెద్ద గుంపు వెళ్ళాక కాస్త తెరిపి వుంటుంది. ఆ తెరిపిలోనే దాటాలి.

అయిదు: చేతుల్లో సగం బలం వుండగానే వెనక్కి తిరగాలి. బయటికి వెళ్ళడానికి ఎంత ఓపిక కావాలో రావడానికీ అంతే కావాలి.

చూశారా! అయిదింట్లో మూడు, వెళ్ళకుండా వుండడానికీ వెనక్కి రావడానికీ రాసుకున్నవే. సాహసం అంటే ఇదేనా అని మీరు నవ్వొచ్చు. కానీ తెరమీద మనకి చూపించని సాహసం ఇదే. ఆ ఒక్క కెరటం షాట్ వెనక ఎన్ని రోజుల తయారీ వుంటుందో, ఎంతమంది కాపలా వుంటారో మనకి కనిపించదు.

మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "షార్కుల సంగతి రాయలేదేమండీ?" అంది. నిజమే, కొంచెం ఉత్తరాన అన్యో నువేవో అనే చోట ఏనుగు సీళ్ళు చేరతాయి, వాటికోసం షార్కులూ వస్తాయి. "అవి నాకోసం రావు, నాలో కండ లేదు" అన్నాను. నవ్వలేదు. కాసేపాగి, "అత్తయ్యగారికి చెప్పారా?" అంది.

చెప్పలేదు. ఎనభై దాటిన మనిషికి ఏమని చెప్పను? కానీ చెప్పకుండా వెళితే దొంగతనంగా సముద్రంలో దిగిన పిల్లాడికీ నాకూ తేడా ఏముంది? ఆ ఆదివారమే ఫోను చేశాను. అంతా విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఒరే నాన్నా," అంది చివరికి. "మనూళ్ళో తెప్పలవాళ్ళు ఎలా వెళతారో చూశావు కదరా. ఊరికే దూకరు. తెప్ప పట్టుకుని నిలబడి, పెద్ద కెరటాలు పోయేదాకా చూసి, అప్పుడు తోస్తారు."

"అదే రాసుకున్నానమ్మా, నాలుగో అంకెలో" అన్నాను.

"సరే. నీళ్ళలోకి దిగేముందు మాత్రం నాకు ఫోను చెయ్యకు. మధ్యలో వుండే ఆ గంట నేను కూర్చోలేను. ఒడ్డుకొచ్చాక చెయ్యి."

కాగితంమీద ఆరో అంకె వేసి అది కూడా రాశాను. మిగతా అయిదూ నేను పెట్టుకున్నవి, అవసరమైతే ఒకటి అటూ ఇటూ అవుతుందేమో. ఆరోది మాత్రం తప్పడానికి వీల్లేదు.