తప్పు తాగినంక...

మర్యాదకి మనకున్నన్ని కొలతలు బంగారానికి కూడా లేవండీ. బొట్టు పెట్టి పిలిచారా, కార్డు పోస్టులో పడేశారా? రెండోసారి వడ్డించేటప్పుడు "ఇంకొంచెం" అన్నారా, గరిటె చూపించి వెళ్ళిపోయారా? చీర పెడితే జాకెట్టుగుడ్డ జత ఉందా? ఈ పద్దులు రాసుకోని ఇల్లు లేదు. మగవాళ్ళకి ఇవేవీ పట్టవనుకోకండి, వాళ్ళు మనచేత రాయిస్తారు!

1986లో మావారికి పినపాక బదిలీ అయింది. ఇప్పుడంటే భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగానీ, 2016 దాకా అది ఖమ్మం జిల్లాయే. ఓ పక్క గోదావరి, అడవి, మధ్యమధ్య కోయగూడేలు. అడ్డాకులూ చింతపండూ తెచ్చే కోయ పెద్దావిడ మొదటిరోజే మావారిని, "ఏం సారూ, నువ్వు బువ్వ తిన్నవా?" అంది. మా అత్తగారు కూచున్న పీట మీంచి లేచినంత పని చేశారు. ఆవిడ ఎవరితోనైనా అంతే. పోలీసైనా, కలెక్టరైనా 'నువ్వే'.

గోదావరి ఆవలి ఒడ్డున భద్రాచలం రాముడితో రామదాసు, చేయించిన నగలన్నీ లెక్కచెప్పి మరీ దెబ్బలాడాడు. 'నీకు' అన్నాడేగానీ 'తమరికి' అన్నాడా? రాముడు పట్టించుకోనిది మావారికెందుకు పట్టాలి చెప్పండి! స్వీడన్ దేశంలో 1967లో వైద్యశాఖకి అధిపతిగా వచ్చిన బ్రోర్ రెక్సెద్ అనే ఆయన, సిబ్బందినందరినీ 'నువ్వు' అనే పిలుస్తాననీ, తననూ అలాగే పిలవమనీ చెప్పాడట. మా పెద్దావిడకి ఆ సంగతి తెలిస్తే, ఇందులో చెప్పడానికేముంది అని నవ్వేసేది.

మామిడి రోజుల్లో మా అత్తగారు తొలికాపు కాయలు రెండు ఇస్తే ఆవిడ ముట్టలేదు. "మనింటివి పనికిరావు కాబోలు" అని ఈవిడ ముఖం ముడుచుకున్నారు. గూడెమంతా కలిసి దేవతకి పెట్టి పండగ చేసుకోందే వాళ్ళు కొత్తకాయ నోట పెట్టరు. వాళ్ళ మర్యాదలో చెట్టూ దేవతా ముందు, మనం తరవాత.

అసలు నేను చెప్పదలచింది 'తప్పు' గురించి. ఓ పెళ్ళిలో పెద్దావిడ కోడల్ని, వరసకి వదినయ్యే ఆవిడ అందరిముందూ ఏదో మాట అంది. మన ఇళ్ళల్లో అయితే ఆ మాట మనవల కాలందాకా కాపరం చేస్తుంది. ఈ పిల్ల ఆ సాయంత్రమే గూడెం పెద్దల దగ్గరికి వెళ్ళింది. చెట్టుకింద అందరూ కూచున్నారు. "నాకు నొప్పయింది" అని ఈ పిల్ల చెప్పింది. ఆవిడా తన మాట తను చెప్పుకుంది. పెద్దలు ఆవిడకి తప్పు వేశారు, కొంత డబ్బు. ఆ డబ్బు మాటపడ్డ పిల్ల చేతికి రాలేదు. దాంతో ఇప్పసారా తెప్పించి, అన్నావిడా పడ్డ పిల్లా, వచ్చినవాళ్ళంతా కలిసి తాగేశారు. మర్నాడు చూద్దునుకదా, ఇద్దరూ గంపలు పట్టుకుని ఇప్పపూలేరడానికి పోతున్నారు!

"మనసులో ఏం లేదా?" అని పెద్దావిడని అడిగాను.

"తప్పు తాగినంక ఇంకేముంటది? మళ్ళ ఆ మాటెత్తితే, ఎత్తినదానికే తప్పు" అంది.

తాగుడు నాకు నచ్చదు. తప్పు కట్టలేక మేకని అమ్ముకున్నవాళ్ళనూ చూశాను. అయినా నొచ్చుకున్న మనిషి నోరువిప్పి చెప్పడానికి ఓ చోటూ, అది అయిపోవడానికి ఓ రోజూ మనకి ఏవీ? అడిగితే "అబ్బే, ఏం లేదండీ" అంటాం. ఆ 'ఏం లేదు' వెనకాల పదేళ్ళుంటాయి.

మా అమ్మా పిన్నీ తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. పిన్ని గృహప్రవేశానికి కార్డు పోస్టులో వచ్చింది, బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు. అంతే. పిన్ని మళ్ళీ మా గుమ్మం తొక్కింది అమ్మ పదోరోజున. ఫోటో ముందు కూచుని, "అక్కా, వచ్చి నాలుగు తిట్టకపోయావే" అని ఏడ్చింది.

మొన్న పిన్ని మనవరాలి పెళ్ళికార్డు వాట్సాప్‌లో వచ్చింది. మా అక్క ఫోన్ చేసి, "చూశావా, బొట్టు మాట దేవుడెరుగు, ఓ ఫోనైనా లేదు! ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అంది.

"వెళ్దాం. వెళ్ళి, నాకు నొప్పయింది అని దాని మొహాన్నే చెప్పు. తప్పు నేను వేస్తాను" అన్నాను. పినపాక కథ అక్కకి తెలుసు.

"ఎంత వేస్తావేమిటి?"

"ఎంతమందుంటే అన్ని కాఫీలు."

అక్క కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఫిల్టరు కాఫీ అయితేనే" అంది.