ఆ చివరి చుట్టు

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. అందులో గెలిచినవాళ్ళని లోకం గుర్తుపెట్టుకుంటుంది. నాకు మాత్రం 37వ స్థానంలో వచ్చిన ఒకావిడ మనసులోంచి పోవడం లేదు. ఆవిడ పేరు గాబ్రియెలా ఆండర్సన్-షీస్. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తింది. అప్పటికి ఆవిడ వయసు 39 ఏళ్ళు.

1984 ఆగస్టు 5, లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. మగవాళ్ళకి 1896 నుంచీ ఉన్న మారథాన్‌ని ఆడవాళ్ళకి పెట్టడం అదే మొదలు. అంతకుముందు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ పరుగుల్లో అన్నిటికన్నా పొడుగైనది 1500 మీటర్లే! అంతకు మించితే ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోదని పెద్దల అభిప్రాయం. కాన్పులు తట్టుకునే ఒంటికి పరుగు ఎక్కువైపోతుందిట, విన్నారా!

అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఆ తర్వాత చాలాసేపటికి మన గాబ్రియెలా స్టేడియంలోకి తూలుకుంటూ వచ్చింది. ఎండ, ఉక్క. దారిలో చివరిసారి నీళ్ళిచ్చే చోటు ఆవిడకి తప్పిపోయింది. ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోయింది. ఒక చెయ్యి వేలాడుతోంది, కాలు మడత పడటం లేదు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ తప్పుకుంది. వాళ్ళు ముట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారు మరి! మిగిలింది ఒక్క చుట్టు. దానికి దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. గీత దాటగానే డాక్టర్ల చేతుల్లో కూలిపోయింది. రెండు గంటల్లో తేరుకుందిట.

ఆవిడ పట్టుదల గురించి అందరూ చెబుతారు. నా మనసు పట్టుకున్నది మాత్రం ఆ డాక్టర్లు. వాళ్ళు ఆవిడ పక్కనే నడిచారు. ఇంకా చెమట పడుతోందని గమనించారు, ఒంట్లో నీరు ఉందని లెక్కకట్టి సాగనిచ్చారు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. శ్రావణ శుక్రవారం. తెల్లవారుజామునే తలంటు. పూజయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టం. పొయ్యి మీద పూర్ణాలు, గారెలు, పులిహోర. పన్నెండయ్యేసరికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. "ఈ ఒక్క వాయి తీసేసి కూర్చుంటానండీ" అంటాం. ఆ వాయి తర్వాత ఇంకో వాయి! పడిపోకుండా నెట్టుకొస్తే "మా కోడలికి ఎంత ఓపికో" అని మెచ్చుకుంటారు. మన పక్కన నడిచి, మన మొహం చూసేవాళ్ళెవరు చెప్పండి?

మొండితనం తప్పని నేననను. కానీ గాబ్రియెలాకి అలాంటి చుట్టు జీవితానికి ఒక్కటి. మనకో, ప్రతి పండక్కీ చివరి చుట్టే!

ఇంకో మంచి మాట వినండి. ఆ తర్వాత పరుగు పందాల నియమమే మారింది. డాక్టరు చెయ్యివేసి పరీక్షించినంత మాత్రాన పోటీలోంచి తియ్యరు. ఈ నియమం మన వంటింట్లోకీ రావాలి. "నేను వేయిస్తాలే, నువ్వు కాసేపు కూర్చో" అని ఆయనో, అబ్బాయో చట్రం అందుకుంటే మన ఇల్లాలితనానికి వచ్చే లోటేమీ లేదు.

ఉపవాసమున్నా కొబ్బరినీళ్ళో, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో మధ్యమధ్య తాగుతూ ఉండండి. వేడికి తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా పొయ్యి కట్టేసి చల్లటి చోట పడుకోండి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, చెమట పడుతోంది కదా అని ఊరుకోకూడదు. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, గాలి తగిలేలా చేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో మగవాళ్ళకీ, పిల్లలకీ కూడా చదివి వినిపించండి.

నైవేద్యం ఒక గంట ఆలస్యమైతే అమ్మవారికి కోపం రాదండీ. వచ్చే పండక్కి మీ ఇంట్లో చట్రం ఎవరు అందుకుంటారో ఇప్పుడే చెప్పి ఉంచండి, సరేనా!