పట్టూ విడుపూ - క్లచ్చు చెప్పే సంగతులు

మన భాషలో ‘పట్టువిడుపులు’ అనే చక్కని జంటపదం ఉన్నది. సంసారానికైనా, స్నేహానికైనా, వాదానికైనా ఈ రెండూ ఉండాలంటారు పెద్దలు. మోటారు బండిలో ఈ పదాన్ని అక్షరాలా ఆచరించే భాగం ఒకటున్నది. అదే క్లచ్చు. ఆ ఆంగ్లపదానికి అర్థమే గట్టిగా పట్టుకోవడం. తెలుగు పండితునికి క్లచ్చుతో ఏమి పని అని మిత్రులు నవ్వుకోవచ్చును. ఒక అబ్బాయి నెలజీతం ఈ యంత్రభాగం మీద ఆధారపడిన సందర్భం వచ్చింది కనుక వ్రాస్తున్నాను.

ముందుగా దాని పని ఏమిటో చెప్పుకుందాం. ఇంజను వెనుక ఫ్లైవీలు అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకొని, ఇరువైపులా రాపిడి పూత గల ఒక పళ్లెం ఉంటుంది. మెకానిక్కులు దీనినే క్లచ్ ప్లేటు అంటారు. ప్రెషర్ ప్లేటు అనేది స్ప్రింగు బలంతో ఈ పళ్లేన్ని ఫ్లైవీలుకు అదిమి ఉంచుతుంది. అప్పుడు ఇంజను శక్తి గేర్‌బాక్సుకూ, అక్కడనుంచి చక్రాలకూ అందుతుంది. ఎడమకాలితో పెడలు నొక్కితే పట్టు సడలుతుంది. కాలు తీస్తే మళ్లీ బిగుస్తుంది. బిగిసే ఆ కొద్ది క్షణాలలో రెండింటి వేగాలూ ఒకటి కావాలి గనుక కొంత జారుడు తప్పదు. జారిన ప్రతిసారీ పూత రవ్వంత అరుగుతుంది. అంటే అరగడం క్లచ్చుకు దోషం కాదు, ధర్మం!

అయితే మా ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలలో ఈ అరుగుదల తొందరపడుతుంది. ఇదంతా ఒకనాటి రాతిగుట్టల సీమ. మద్రాసునుంచి చిత్రపరిశ్రమ తరలివచ్చినప్పుడు గుట్టలమీదనే ఇళ్లూ, స్టూడియోలూ వెలిశాయి. రామానాయుడు స్టూడియోకు వెళ్లాలంటే ఎత్తు ఎక్కవలసినదే. 2020లో దుర్గం చెరువుమీద తీగలవంతెన తెరిచాక 45వ నంబరు రోడ్డునుంచి మాదాపూరు వైపు దారి దగ్గరయింది గాని, సాయంకాలపు రద్దీ మాత్రం రద్దీయే. ఎత్తుమీద బండ్లు ఆగినప్పుడు చాలామంది హ్యాండ్‌బ్రేకు వేయరు. క్లచ్చు సగం వదిలి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి, బండి వెనక్కు దొర్లకుండా నిలబెడతారు. డ్రైవర్ల పరిభాషలో ఇది ‘హాఫ్ క్లచ్’. పట్టూ కాదు, విడుపూ కాదు... ఆ నిలబడినంతసేపూ పళ్లెం రాచుకుంటూ వేడెక్కుతుంది. అందువల్లనే క్లచ్చుకు ఇన్ని కిలోమీటర్ల ఆయుష్షని జాతకం వ్రాయలేము. లక్ష దాటినవీ ఉన్నాయి, అందులో సగానికే చేతులెత్తేసినవీ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. మా పొరుగున, సినిమాలకు శబ్దగ్రహణం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఒకరున్నారు. ఒకనాడు ఆయన, “మాస్టారూ, మా బండికి శ్రుతి పెరుగుతోంది గాని నడక పెరగడం లేదండీ” అన్నారు. జీవితమంతా శబ్దంతో గడిపిన చెవి గదా! వ్యాధిని ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఆయన కుమారునికి మాత్రం వ్యాధికంటె నేరస్థుడే ముందు కనబడ్డాడు. “డ్రైవరు పాడుచేశాడు, ఖర్చు వాడి జీతంలో కోసేద్దాం” అన్నాడట.

ఆ అబ్బాయి నల్లగొండ వైపువాడు. చేరి 8 నెలలు. బండి వయస్సు 9 ఏళ్లు. నా దగ్గరకు వచ్చి, “సార్, నేనొచ్చిన్నాడే పెడల్ పూర్తిగ మీదికొచ్చినంక పట్టేది. చెప్తే ఎవ్వరూ ఇనలే” అన్నాడు. ఈ మాట విలువ తెలియాలంటే అరిగిన క్లచ్చు లక్షణాలు తెలియాలి.

మొదటి లక్షణం పట్టు దొరికే చోటు మారడం. కేబులుతో పనిచేసే క్లచ్చులలో పళ్లెం అరిగేకొద్దీ పెడలు పైకి వచ్చినతరువాత గాని బండి కదలదు. హైడ్రాలిక్ క్లచ్చులలో ఈ మార్పు అంతగా తెలియకపోవచ్చు. రెండవది మా పొరుగువారు పట్టుకున్నది: పెద్ద గేరులో ఎత్తెక్కుతూ యాక్సిలరేటరు నొక్కితే ఇంజను హోరు పెరుగుతుంది, వేగం పెరగదు. మూడవది మాడువాసన. నాలుగవది బండి కదిలేటప్పుడు వణకడం.

వీటితో కలిపివేయకూడనివి కొన్ని ఉన్నాయి. పెడలు నొక్కినా గేరు పడకపోతే అది పట్టులోపం కాదు, విడుపులోపం. కేబులూ, హైడ్రాలిక్ ద్రవమూ ముందు చూడాలి. పెడలు నొక్కినప్పుడు మాత్రమే రొద వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. ఇంజను ఆయిలు కారి పళ్లేనికి అంటినా అరగని క్లచ్చు సైతం జారుతుంది.

సులభమైన పరీక్ష ఒకటున్నది. చదునైన చోట, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసుకొని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, కాలు బ్రేకుమీద ఉంచి, నాలుగవ గేరులో క్లచ్చు మెల్లగా పూర్తిగా వదలాలి. ఇంజను ఆగిపోతే పట్టు ఉన్నట్లు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్లు. ఒక్కసారి చాలును, మాటిమాటికీ చేస్తే పరీక్షయే పళ్లేన్ని తినివేస్తుంది.

మెకానిక్కు మా ముందే ఈ పరీక్ష చేశాడు. ఇంజను ఆగలేదు. నేను పాత సర్వీసు బిల్లులన్నీ తెప్పించి, జవాబుపత్రాలు దిద్దినట్లు వరుసగా చదివాను. 9 ఏళ్లలో క్లచ్చు మార్చిన బిల్లు ఒక్కటీ లేదు. గేర్‌బాక్సు దించి చూస్తే పూత రివెట్లదాకా అరిగి ఉన్నది. “ఇది నిన్నామొన్నటి అరుగు కాదు సార్” అన్నాడు మెకానిక్కు. దించే కూలి ఒక్కటే గనుక ప్లేటూ, ప్రెషర్ ప్లేటూ, బేరింగూ కలిపి సెట్టుగా మార్పించారు.

ఖర్చు పెద్దాయనే భరించారు. జీతం కోయలేదు. అబ్బాయి మాత్రం ఆ నెలాఖరుకు వేరొక చోట కుదిరి వెళ్లిపోయాడు. వెళుతూ కొత్త క్లచ్చు ఎక్కడ పట్టుకుంటున్నదో పెద్దాయనకు చూపించి మరీ వెళ్లాడట. ఆ సంగతి చెబుతూ ఆయన కొంతసేపు మౌనంగా ఉండిపోయారు.

మిత్రులకు నా మనవి రెండు మాటలు. ఎత్తుమీద ఆగితే హ్యాండ్‌బ్రేకు వేయండి; నడిపేటప్పుడు కాలిని పెడలుమీద విశ్రమింపజేయకండి. మీ బండి మరొకరు నడుపుతున్నట్లయితే, “ఎలా ఉన్నది నాయనా?” అని నెలకొకసారైనా అడగండి. పట్టు సడలుతున్న సంగతి బిల్లుకంటె ముందు ఆ కాలికే తెలుస్తుంది.