దోరాసాన్ దాటి 205 కిలోమీటర్లు

సియోల్ నుంచి ఉత్తరంగా పోయే రోడ్డు పేరు జాయురో, అంటే స్వేచ్ఛా మార్గం. నగరం దాటిన కాసేపటికే ఎడమచేతి వైపు హాన్ నది, నదికీ రోడ్డుకీ మధ్య ముళ్లకంచె, కంచె పొడవునా కాపలా గదులు కనిపిస్తాయి. సుమారు యాభై కిలోమీటర్లలో, ఇమ్‌జిన్ నది దగ్గర, మామూలు జనం వెళ్లగలిగే దారి అయిపోతుంది. అక్కడ ఇమ్‌జింగాక్‌లో ఒక ఆవిరి ఇంజన్ ఉంది. కొరియా యుద్ధంలో జాంగ్‌దాన్ స్టేషన్ దగ్గర ఆగిపోయి, అర్ధశతాబ్దం పాటు నిస్సైనిక మండలంలోనే పడి ఉన్న ఇంజన్ అది. ఒళ్లంతా తుప్పు, వెయ్యికి పైగా తూటాల రంధ్రాలు. పక్కనే కంచె నిండా కట్టిన రంగురంగుల రిబ్బన్లు. కొంచెం ఎడంగా ఉన్న మాంగ్‌బేదాన్ వేదిక దగ్గర, చాంద్రమాన ఉగాదికీ చుసోక్ పండగకీ, ఉత్తరాన పుట్టి ఇటు చిక్కుకుపోయిన ముసలివాళ్లు సొంతూరి దిక్కుకు తిరిగి తమ పెద్దలకు మొక్కుకుంటారు. అయినా ఉత్తర కొరియాతో అణు చర్చలనగానే మనకు క్షిపణులు, కిలోటన్నులే గుర్తుకొస్తాయి. మనుషుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బాంబుల సంగతి తేలనివ్వండి అన్నది ముప్ఫై ఏళ్లుగా దౌత్యవేత్తల పద్ధతి. ఈ దారిలో ఎంత ముందుకు వెళ్తే అంతగా ఆ పద్ధతే తప్పని నాకు రుజువవుతూ వచ్చింది.

ఈ గడ్డ మీద ఆ రెండు సంగతులూ మొదటినుంచీ విడిపోలేదు. ఇంజన్‌కి దగ్గర్లోనే ఉన్న స్వేచ్ఛా వంతెన మీదుగా 1953లో 12,773 మంది యుద్ధ ఖైదీలు తిరిగొచ్చారు. 1951 జులైలో మొదలైన కాల్పుల విరమణ చర్చలు చివరి ఏడాదికి పైగా నలిగింది సరిహద్దు రేఖ మీద కాదు, ఇంటికి వెళ్లనంటున్న ఖైదీని బలవంతంగా పంపవచ్చా అన్న ప్రశ్న మీద. ఆ పీటముడి విప్పడంలో మన దేశానికీ పాత్ర ఉంది. తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. వెళ్లబోమన్న ఇరవై రెండు వేల మందికి పైగా ఖైదీలను నిస్సైనిక మండలంలో కాపలా కాసింది భారత సైనికులు. శిబిరాల లోపల ముఠాల బెదిరింపులు ఉన్నాయి, ఆ ఏర్పాటు లోపాలు లేనిది కాదు. అయినా ఖైదీలను మీ ఇష్టమేమిటని అడగాలన్నది ఆ ఒప్పందంలో షరతు. రెండు కొరియాలూ వద్దన్న కొందరు మన సైనికుల వెంట భారత్‌కే వచ్చేశారు. యుద్ధం మానడానికి ఒక మనిషి మాట అంత అవసరమైంది.

పాస్‌పోర్టు చూపించి మరో వంతెన దాటితే దోరాసాన్ స్టేషన్. చిన్న విమానాశ్రయంలా ఉన్న అద్దాల హాలు, ప్యాంగ్యాంగ్ 205 కిలోమీటర్లు అని చెప్పే బోర్డు. 2007 డిసెంబరు నుంచి దాదాపు ఏడాది కేసాంగ్ దాకా గూడ్సు బండి నడిచింది, తర్వాత ఆగిపోయింది. ఒప్పందాల కథ కూడా అలాంటిదే. 1994లో జెనీవాలో, ఉత్తర కొరియా తన యోంగ్‌బ్యోన్ రియాక్టర్‌ను ఆపితే రెండు లైట్ వాటర్ రియాక్టర్లు, ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె ఇస్తామని అమెరికా అంది. ఎనిమిదేళ్లు అక్కడ ప్లుటోనియం తయారీ ఆగింది, ఆ ఫలితం చిన్నది కాదు. 2002లో చాటుగా యురేనియం శుద్ధి బయటపడిందన్న గొడవతో అది కూలింది. 2005 సెప్టెంబరులో ఆరు దేశాలు కలిసి మరో ప్రకటన చేశాయి; మరుసటి ఏడాది అక్టోబరు 9న మొదటి అణుపరీక్ష జరిగింది. 2008 డిసెంబరులో ఆ చర్చలు మళ్లీ నిలిచిపోయింది తనిఖీ దగ్గర, నమూనాలు సేకరించనివ్వాలా వద్దా అన్న పేచీతో. ప్రకటించిన చోట కెమెరా బిగించవచ్చు. ప్రకటించని చోటు ఒకటుందని చెప్పాల్సింది అక్కడ పనిచేసిన మనిషే. ఆ మనిషి నోరెత్తే వీలుందా? మైకేల్ కిర్బీ నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉత్తర కొరియాలో 80 వేల నుంచి 1,20,000 మంది రాజకీయ ఖైదీల శిబిరాల్లో ఉన్నారు. ఒకరి నేరానికి మూడు తరాల కుటుంబాన్ని శిక్షించే ఆచారం ఉంది. ఆరు అణుపరీక్షలు జరిగిన పుంగ్యే-రీ కొండలకు పక్కనే 16వ నంబరు శిబిరం ఉంది. తల్లినీ పిల్లలనూ అలాంటి చోటికి పంపగల ప్రభుత్వంలో ఒక శాస్త్రవేత్త ఇన్‌స్పెక్టర్‌కి చెప్పే జవాబుకు విలువెంత? తన బాంబులను తానే విప్పేసిన దక్షిణాఫ్రికాలో తనిఖీ నెగ్గిందంటే, పాత రికార్డులు తెరవడమూ, పనిచేసినవాళ్లు మాట్లాడగలగడమూ అందుకు ముఖ్య కారణాలు.

హక్కుల మాటెత్తితే ఉత్తర కొరియావాళ్లు చర్చల నుంచి లేచిపోతారని ఒక అభ్యంతరం. ఎత్తనప్పుడు మాత్రం కూర్చున్నారా? 2018లో అమెరికా, ఉత్తర కొరియా కలిసి చేసిన సింగపూర్ ప్రకటనలో హక్కుల ఊసే లేదు. మరుసటి ఫిబ్రవరిలో హనోయ్ సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. మరోవైపు 2002లో జపాన్ ప్రధాని కొయిజుమి ప్యాంగ్యాంగ్ వెళ్లి, ఎత్తుకుపోయిన తమ పౌరుల సంగతి నిలదీస్తే, కిమ్ జోంగ్ ఇల్ ఒప్పుకున్నాడు, అయిదుగురు ఇంటికొచ్చారు. తర్వాత ఆ వ్యవహారమే రెండు దేశాల మధ్య ముల్లుగా మిగిలిందన్నదీ నిజమే. కానీ అడిగితే ఏమీ రాదన్న వాదన అక్కడ నిలవదు. ఇంకో అభ్యంతరం బరువైనది: హక్కుల పేరుతో ప్రభుత్వాన్నే కూల్చే ఎత్తుగడ ఇదని ప్యాంగ్యాంగ్ అనుమానం. బాంబు ప్రయత్నం వదులుకున్న లిబియా నేత గడాఫీకి ఎనిమిదేళ్ల తర్వాత ఏమైందో వాళ్లు గుర్తుచేస్తూనే ఉంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. అందుకే పెద్ద ఉపన్యాసాలకన్నా చిన్న కోరికలు మేలు: తిండి సాయం ఎవరి నోటికి చేరుతోందో చూడనివ్వడం, శిబిరాల్లోకి రెడ్‌క్రాస్‌ను రానివ్వడం, విడిపోయిన కుటుంబాలకు ఉత్తరాలు రాసుకునే వీలు ఇవ్వడం. ఇవేవీ గద్దెను కూల్చవు. బయటివాళ్లను లోపలికి రానిచ్చే అలవాటు ఇలాంటి వాటితోనే మొదలవుతుంది. రేపు అణు ఇన్‌స్పెక్టర్ నడవాల్సింది కూడా ఆ దారినే. ఆంక్షలు పెట్టిన పక్షమూ వాటి సడలింపులో కొంత భాగాన్ని నేరుగా ఈ మెట్లకు ముడిపెట్టాలి. అలా చేయనంతకాలం ఆంక్షల దెబ్బ ముందు సామాన్యుడి మీదే పడుతుంది.

దోరా కొండ మీద పరిశీలన కేంద్రంలోని దూరదర్శినిలో కేసాంగ్ పారిశ్రామికవాడ కనిపిస్తుంది. మూతపడేనాటికి, 2016లో, అక్కడ యాభై వేలకు పైగా ఉత్తర కొరియా కార్మికులు దక్షిణాది కంపెనీలకు పనిచేసేవారు. జీతం డాలర్లు వెళ్లేది ప్రభుత్వం చేతికి. కార్మికుల చేతికి కంపెనీలిచ్చిన చోకో పై కేకులను మాత్రం వాళ్లు తినకుండా దాచుకుంటే, అవి ఊళ్లలో సంతలకు చేరి అమ్ముడుపోయాయి. ఇటువైపు విడిపోయిన కుటుంబాల జాబితాలో పేరు రాయించుకున్నవాళ్లు లక్షా ముప్ఫై వేలకు పైగా. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికే కన్నుమూశారు. చివరి కలయిక 2018 ఆగస్టులో జరిగింది. దూరదర్శినిని కాస్త పక్కకు తిప్పితే కిజోంగ్-డోంగ్ ఊరి జెండా స్తంభం, 160 మీటర్ల ఎత్తు. దాని కింద పొలాలు. ఆ పొలాల్లో మనుషులు నడుస్తారు, వాళ్ల అడుగులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా.