దీర్ఘం తప్పిన బోర్డు

మా అబ్బా కాతిబ్. ఛత్తా బజార్‌లో ఒక ప్రెస్సులో ఉర్దూ రాత రాసేవాడు. పెళ్లికార్డులు, పోస్టర్లు, ముషాయిరా కరపత్రాలు. పసుపు పూత పూసిన కాగితం మీద రెల్లు కలంతో ఆయన అలిఫ్ దించుతుంటే పక్కన కూచుని చూసేవాణ్ని. నస్తాలీఖ్ రాతలో అక్షరానికి కొలబద్ద కలం పాళీ పెట్టే చుక్కే. ఏ అక్షరం ఎన్ని చుక్కల పొడవుండాలి, ఎక్కడ సన్నబడాలి, ఎక్కడ ఒళ్లు చేయాలి అన్నిటికీ లెక్కుంది. ఆ లెక్క చేతికి పట్టాలంటే ఏళ్లు పడుతుంది.

ఆ పని మీద వచ్చేది ఇల్లు గడవడానికి చాలేది కాదు. అందుకే సాయంత్రాలు దుకాణాల బోర్డులు రాసేవాడు. 1990ల నడుమ ఉర్దూ రాతకి ఇన్‌పేజ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది. ఛత్తా బజార్ కాతిబులు ఒక్కొక్కరే కలాలు దించేశారు. తర్వాత మాకు బోర్డులే బతుకుతెరువు.

బోర్డుల గిరాకీ ఎక్కువగా తెలుగులో ఉండేది. అబ్బాకి తెలుగు చదవడం రాదు. షావుకారు కాగితం మీద పేరు రాసిస్తే దాన్ని చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. కుడి నుంచి ఎడమకి అలవాటైన చెయ్యి కదా, ఒక్కోసారి చివరి అక్షరంతో మొదలుపెట్టేవాడు. కింద నిలబడ్డ జనం ఏం పేరు తేలుతుందో తెలీక తలలు పైకెత్తి చూస్తుండేవాళ్లు. నేను తెలుగు మీడియం. నిచ్చెన పట్టుకోవడం, తప్పులు చూడటం నా పని. పని అయ్యాక పైనుంచి అడిగేవాడు: "బేటా, సహీ హై క్యా?" నేను కింద నుంచి "హౌ అబ్బా" అనేవాణ్ని. నేను హౌ అన్నాకే దిగేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న మా పాతబస్తీలో జరిగిన బొమ్మల ప్రదర్శనలో ఆ బోర్డుల్లో ఒకటి గోడకెక్కింది.

ప్రదర్శన అంటే మాదాపూర్ గ్యాలరీల్లాంటిది అనుకోకండి. ఒక పాత దేవిడీలో మిగిలిన హాలు. పక్కన లైబ్రరీ. గోడలకి సున్నం, మేకులకి సుతిలి తాడు, తాడుకి బొమ్మలు. బస్తీ పెద్దలు, కుర్రకారు తలో వందా వేసుకుని నడుపుతారు. గచ్చు మీద జంఖానా పరిచి, వచ్చినవాళ్లకి చాయ్ ఇస్తారు. ఇక్కడ బొమ్మలు పెట్టేవాళ్లు రిటైరైన డ్రాయింగ్ మాస్టర్లు, మెహందీ డిజైన్లు వేసే అమ్మాయిలు, జర్దోజీ కార్ఖానాల పిల్లలు, పని పోయిన కాతిబులు. విలేకరిగా ఈ హాలుకి ఏళ్లుగా వస్తున్నాను. ఉర్దూలో ఒక వార్త, తెలుగులో ఒక వార్త రాస్తుంటాను. ఉర్దూ వార్తలో ఎవరెవరు వచ్చారో ఉండాలి. తెలుగు వార్తలో చార్మినార్ ఉండాలి. బొమ్మ గురించి రెండింట్లోనూ చోటు దొరకదు.

ఒక డ్రాయింగ్ మాస్టారు ఏటా చార్మినార్ వేస్తాడు. వానలో చార్మినార్, ఈద్ రాత్రి చార్మినార్. ఒకసారి విసుగొచ్చి అడిగాను. "నల్లా దగ్గర బిందెల కొట్లాట వేశాను మియా. ఎవరూ కొనలే. ఇది కొంటారు" అన్నాడు. కొనేవాళ్లకి మేం మీనార్లలోనో, బుర్ఖాలోనో, హలీం డేగ్‌లోనో కనిపించాలి. కరెంటు బిల్లు కట్టే క్యూలో, ట్యూషన్ ఫీజు లెక్కల్లో కనిపిస్తే మేం ముస్లింలం కాకుండా పోతాం!

ఇక రెండో ప్రశ్న. "మీ మతంలో బొమ్మలు వేయకూడదంట కదా?" బొమ్మ ముందు నిలబడ్డ ప్రతి పదిమందిలో ఒకరు అడుగుతారు. ఆ చర్చ మాలో ఉంది, దాచను. ప్రాణమున్నవాటి బొమ్మ కూడదనే ఉలేమా ఉన్నారు. మా దాదీమా నమాజు చేసే గదిలో కేలెండరు బొమ్మని గోడ వైపు తిప్పేది. కానీ ఈ దక్కనులోనే బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్‌షా తన కితాబ్-ఎ-నౌరస్‌ని సరస్వతిని తలుచుకుని మొదలుపెట్టాడు. ఆయన కొలువులో ఫర్రుఖ్ హుసేన్ అనే చిత్రకారుడు 1604 ప్రాంతంలో వీణ పట్టిన సరస్వతిని గీశాడు. శ్రీకాళహస్తిలో రామాయణం గీసే పనికి పేరేంటి? కలంకారీ. కలమూ మాదే, కారీ మాదే, కథ మీది. ఆ మాట పలికేటప్పుడు ఎవరి నాలుకా తడబడదు.

మరి హుసేన్ సంగతి? 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పైకొచ్చినవాడు. మా అబ్బా కులస్తుడే అనుకుంటాను, నిచ్చెనల కులం. లోహియా చెప్పిన మాట మీద హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తీ అండతో రామాయణం బొమ్మలు వేశాడు. అంతకుముందెప్పుడో వేసిన సరస్వతి బొమ్మ 1996లో ఒక పత్రికకెక్కింది. అప్పట్నుంచి దాడులు, కేసులు. 2006లో దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరుడై, 2011లో లండన్‌లో పోయాడు. ఇందులో మా వంతూ ఉంది, అదీ చెప్పాలి. 2004లో ఆయన తీసిన 'మీనాక్షి' సినిమాలో ఒక ఖవ్వాలీలో ఖురాన్ మాటలున్నాయని కొన్ని ముస్లిం సంస్థలు గొడవ చేస్తే, సినిమానే హాళ్ల నుంచి తీసేశారు. ఇటువాళ్లకీ అటువాళ్లకీ బొమ్మ కనపడలేదు. వేసినవాడి పేరు కనపడింది.

ఆ లెక్కన నేనూ ఆ గుంపులోవాణ్నే. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఈ హాల్లోనే ఒక అమ్మాయి బొమ్మ చూశాను. కార్చోబ్ చట్రం ముందు వంగి జరీ కుడుతున్న తల్లి. ముఖం కనపడదు. మెడ ఒంపు, ఎత్తిన చెయ్యి, దారం. ఆ మెడలో నొప్పి తెలుస్తుంది. నేను ఆ అమ్మాయిని ఏమడిగాను? మెడ గురించి అడిగానా? లేదు. "ఇంట్లో ఒప్పుకున్నారా?" అన్నాను. "ముఖం వేయకపోవడం మతం వల్లనా?" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, "పని చేసేటప్పుడు అమ్మీ ముఖం మాకు కనపడదు భాయ్‌జాన్. వంగే ఉంటుంది" అంది.

ఆ మాట రాశాను. డెస్కులో కోసేశారు. "పరదా దాటిన కుంచె" అని శీర్షిక పెట్టారు. డెస్కు పెట్టిందని తప్పించుకోను. అడిగిన ప్రశ్నలు నావి. వాటికి ఆ శీర్షికే పుడుతుంది. పేపర్లో నా పేరు కూడా చూసుకుని మురిసిపోయాను.

మరుసటేడు ఆ అమ్మాయి రాలేదు. కనుక్కుంటూ ఇంటికెళ్లాను. తల్లే తలుపు తీసింది. తెలుగు చదవడం రాని మనిషి. పక్కింటివాళ్లెవరో చదివి చెప్పారట. "భయ్యా, మేం ఎప్పుడు ఆపాం? రంగుల డబ్బాలు నా కుట్టుకూలీతోనే కొన్నాను. వాళ్ల నాన్న సైకిల్ మీద మోసుకొచ్చి హాల్లో తగిలించాడు. మేం పరదా వేసినట్టు, అది చింపుకుని వచ్చినట్టు రాశారంట కదా?" కోపంగా కూడా అనలేదు. లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. అమ్మాయి బయటికి రాలేదు.

నాకు బీఏలో చెప్పిన పాఠాలు, రెండు భాషల పాండిత్యం ఆ చాయ్ ముందు ఎందుకూ పనికిరాలేదు. సవరణ వేయిస్తానని చెప్పి వచ్చాను. వేయించలేదు. పాత వార్తకి సవరణేంటని నవ్వుతారని ఊరుకున్నాను.

ఈసారి ప్రదర్శనకి, ఇళ్లల్లో పెద్దల చేతి పని ఏదైనా ఉంటే తెమ్మన్నారు. అబ్బా రాసిన ఉర్దూ కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది ఒకే ఒక్క రేకు బోర్డు. 'శ్రీ లక్ష్మీ కిరాణ'. ఫ్లెక్సీలొచ్చాక షావుకారు దాన్ని పడేయకుండా "ఉస్తాద్ చేతి రాత" అని మాకిచ్చాడు. షావుకారు లక్ష్మీదేవి బొమ్మ కూడా వేయమన్నాడప్పట్లో. అబ్బా, "ముఖాలు నాకు బాగా రావు సేఠ్" అని రెండు పక్కలా రెండు తామరపూలు వేశాడు. షావుకారు సరేనన్నాడు. ఆయన అడగాల్సింది అడిగాడు, ఈయన చెప్పాల్సింది చెప్పాడు, ఇద్దరి మర్యాదా మిగిలింది. ఆ రోజుల్లో మా గల్లీలో తామరపువ్వంటే తామరపువ్వే.

బోర్డు తీసుకెళ్తే కుర్రాళ్లు నసిగారు. "అంకుల్, ఇది కిరాణా బోర్డు. పైగా తెలుగు." ఒక ముసలి కాతిబ్ సాబ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆయనకీ తెలుగు రాదు. అద్దాలు సర్దుకుని 'శ్రీ' చుట్టూ తిరిగిన గీతని వేలితో వెంబడించాడు. లావుగా బయల్దేరి, సన్నబడి, మళ్లీ ఒళ్లు చేసింది. "నూన్ తిప్పిన చెయ్యి ఇది. లగావ్" అన్నాడు. తగిలించారు.

కింద చీటీ మీద ఏం రాయాలి? ముస్లిం కళాకారుడు అనా? అబ్బా పేరు రాశాను. "రేకు మీద ఎనామెల్ రంగు" అని రాశాను. తెలుగులోనూ, ఉర్దూలోనూ.

మూడో రోజు ఒక తెలుగు మాస్టారు వచ్చాడు. చాలాసేపు చూసి మెల్లగా అన్నాడు: "రాత బ్రహ్మాండంగా ఉంది. కానీ కిరాణాలో దీర్ఘం పోయిందండీ."

పోయింది. అబ్బా తప్పు కాదు. ఆయన పైనుంచి అడిగాడు, పదేళ్ల నేను చూడకుండానే "హౌ" అన్నాను. ఆ దీర్ఘం ఇక దిద్దలేను.

కానీ దిద్దగలిగింది ఒకటుంది. ఆ అమ్మాయి ఏ పరదా దాటలేదు. ఆమెని ఎవరూ ఆపలేదు. ఆ రంగులు తల్లి కొన్నది. ఆ బొమ్మలో ముఖం లేకపోవడానికి కారణం మతం కాదు, తల వంచుకుని చేసే పని. ఇన్నేళ్ల ఆలస్యంగానైనా, ఇది ఆ వార్తకి సవరణ.